పురుగు ఇంటిపేరు

ఎచ్చెర్ల అవతల సముద్రపు ఒడ్డు పల్లెలో చేపలమ్మే మరిడమ్మకు రెండు విద్యలు వచ్చు. మొప్ప ఎత్తి చూసి చేప ఎప్పటిదో చెప్పేస్తుంది. ఇంటిపేరు వినగానే ఎవరికెవరు వరసవుతారో తేల్చేస్తుంది. ఆమెను అడక్కుండా ఆ పల్లెలో పెళ్ళిమాట ఎత్తేవారు కారు. అడక్కపోయినా ఆమె ఊరుకునే రకమూ కాదు.

2018 వేసవిలో పల్లె పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. పక్కింటి గున్నమ్మ కూతురికైతే శ్రీకాకుళం ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. తిరిగొచ్చిన గున్నమ్మ నడివీధిలో నిలబడి, ఇదంతా మరిడమ్మ చేపల చలవేనంది. ఇంకేముంది, గంప వైపు చూసే నాథుడు లేడు. మరిడమ్మ నోరు మాత్రం తక్కువ తిందా! తెల్లారింది మొదలు వీధినంతా దులిపేసేది. ఇంట్లోకెళ్ళాక మాత్రం కుమిలి కుమిలి ఏడ్చేది.

అప్పుడే విశాఖ నుంచి అరుణశ్రీ అనే పరిశోధకురాలు డబ్బాలతో దిగింది. పిల్లల విరేచనాలు వాటిలో పట్టివ్వమంటే తల్లులు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. మరిడమ్మ ఒక్కతే ఎగబడి, తన చేపల్ని కూడా పరీక్షించి తన పరువు నిలబెట్టమని వెంటపడింది. అరుణశ్రీ గంపలో నీళ్ళు, కుళాయి నీళ్ళు, వాకిళ్ళలోని కుండల నీళ్ళు అన్నీ పట్టుకుంది. రోగం తెచ్చే సూక్ష్మజీవి లోపల దాని వంశం గుర్తులు రాసి ఉంటాయని, వాటిని యంత్రంతో చదివితే ఏది దేనికి చుట్టమో తెలుస్తుందని చెప్పింది.

"అయితే పురుగుకీ ఇంటిపేరున్నాదన్నమాట," అంది మరిడమ్మ తృప్తిగా. ఆ యంత్రం కూడా తనలాంటి పెళ్ళిళ్ళ పేరమ్మేనని ఆమెకు గట్టి నమ్మకం కుదిరింది.

కొన్ని వారాలకు అరుణశ్రీ మళ్ళీ వచ్చి ఆమెను పక్కకు పిలిచింది. చేపల్లో ఉన్న క్రిమి వేరే వంశానిదట, పిల్లల జబ్బుకూ దానికీ సంబంధమే లేదట. మరిడమ్మ కొంగు బిగించి వీధిలోకి ఉరకబోతే అరుణశ్రీ చెయ్యి పట్టుకుని ఆపింది. పిల్లలందరికీ సోకిన క్రిమిది ఒకటే వంశం. అదే వంశం మరిడమ్మ వాకిట్లో కుండలోనూ దొరికింది. ఎండలో ఆడే పిల్లల కోసం ఆమే ముచ్చటపడి పెట్టిన కుండ అది. జబ్బు చేసిన పిల్లలు అందులో చేతులు ముంచారు, ఆ నీళ్ళే మిగతావాళ్ళూ తాగారు. ఎవరి కుండో బయటపెట్టనని, కుండకు మూత, ముంచడానికి కాడ గరిటె, చేతుల శుభ్రం గురించి అందరికీ కలిపి చెబుతానని అరుణశ్రీ మాటిచ్చింది.

చేపలు గెలిచాయి. నోరు మూసుకుంటే మరిడమ్మా గెలిచినట్టే. అయినా ఆమె గంప నెత్తిన పెట్టుకుని గున్నమ్మ గుమ్మం ముందుకెళ్ళి నిలబడింది.

"సేప కాదే గున్నమ్మా. నా కుండ. నీ పిల్లగుంట తాగింది నా కుండలో నీళ్ళే."

గుమ్మంలో కూర్చున్న గున్నమ్మ తలెత్తి చూసింది.

"ముంచి తాగించింది నేనే గదే," అంది.

మరిడమ్మ గంప దించుకోబోయింది. గున్నమ్మ లేచి వచ్చి రెండో పక్క పట్టింది.