తప్పు పోగులు

హొసకోటె నుంచి వైట్‌ఫీల్డ్ వెళ్ళే బస్సులో, ఆ రోజు మా టీమ్‌కు ఇవ్వాల్సిన ప్రసంగాన్ని ఫోన్‌లో చూసుకుంటూ పైకే చదివాను: "తప్పు చేస్తే భయపడకుండా చెప్పండి."

పక్క సీటు పెద్దాయన నవ్వాడు. "నేను మగ్గాల మేస్త్రీనప్పా. పనోళ్ళకి నేనూ అదే చెప్తా ఉంటి. నా నేతలో తప్పు పడితే మాత్రం ఎవురూ చూడకముందే విప్పేస్తా ఉంటి. వాళ్ళు నా మాట నేర్చుకోలే, దాచేది నేర్చుకున్న్యారు."

తర్వాతి స్టాపులో దిగిపోయాడు. తన సంగతి చెప్పాడా, నన్నే అన్నాడా? నాకిప్పటికీ తెలియదు. ప్రసంగంలో ఉదాహరణగా నేను పెట్టుకున్న తప్పు, మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయిది. దాన్ని కొట్టేసి నాదొకటి రాద్దామనుకున్నాను. ఏది రాయాలో తేలకముందే నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది.