నరసరాజు గారి వన్ బై టూ

నరసరాజు గారు ఒక చాయ్‌ని ఒక్కరే పూర్తిగా తాగగా చూసినవాళ్ళు సికింద్రాబాద్‌లో లేరు. ఆయనది ఎప్పుడూ వన్ బై టూ. ఒక చాయ్, రెండు కప్పులు. ఒక సగం ఆయనకి, రెండో సగం ఎదురుగా ఎవరుంటే వాళ్ళకి. ఎదురుగా ఎవరూ లేకపోతే చాయ్ చెప్పరు. లేచి రోడ్డు మీదికి వెళ్ళి ఎవర్నో ఒకర్ని పట్టుకొస్తారు.

పట్టుకొచ్చిన మనిషి ఎవరన్న పట్టింపు ఆయనకి లేదు. ఆటోవాళ్ళు, తాళాలు బాగుచేసేవాళ్ళు, కరెంటు మీటరు చూసేవాళ్ళు, ఎవరైనా సరే. ఓసారి రోడ్డు పక్కన పెట్టిన ఆయన స్కూటర్‌ని ఎత్తుకుపోవడానికి ట్రాఫిక్ వాళ్ళ బండి వచ్చింది. ఈయన పరుగెత్తారు. స్కూటర్ని పట్టుకుంటారనుకున్నాం, కానిస్టేబుల్ చెయ్యి పట్టుకున్నారు.

"ఏవండీ, ఎంతసేపని ఎండలో నిలబడతారు? రండి, వన్ బై టూ కొడదాం."

స్కూటర్ వెళ్ళిపోయింది. కానిస్టేబుల్ మిగిలాడు. "రియాజ్ గారూ, ఈయన మన పార్ట్‌నరండి" అని నాకు పరిచయం చేశారు. తర్వాత స్కూటర్ విడిపించుకోవడానికి పార్ట్‌నర్లిద్దరూ కలిసి ఆటోలో వెళ్ళారు.

సీతాఫల్‌మండిలో ఆ ఇరానీ హోటల్ పక్కనే నా ఫ్లెక్సీల దుకాణం. అందుకని ఆయన పార్ట్‌నర్లందర్నీ నేను చూశాను. చాయ్ తాగే తీరు కూడా ఓ వేడుకే. కప్పు ఎత్తి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఎడమచెయ్యి గుండెల మీద పెట్టుకుని, ఒక్క గుక్కలో దించేసి "ఆహా!" అనేవారు. ఆ వెంటనే గుప్పెడు సోంపు నోట్లో పోసుకునేవారు. చాయ్‌ని అంత భక్తిగా తాగే మనిషి ఇంకొకరు లేరని మేమంతా ఒప్పుకున్నాం.

హోటల్లో చాయ్ అందించే జానీ భాయ్‌కి మాత్రం ఇది పెద్ద బాధ. "సాబ్, గీ సగం సగం ఏందీ? ఒక్కపారి మీరు ఫుల్ చాయ్ తాగితే దర్గాల చాదర్ కప్పుతనని మొక్కుకున్న" అనేవాడు.

"చాదర్ ఖర్చు నీకెందుకులే జానీ. వన్ బై టూ పట్రా."

ఇంతకీ ఆయన ఉద్యోగం ఏమిటంటే, పార్ట్‌నర్లని సంపాదించడమే. బేగంపేటలో ఆయన పనిచేసే సంస్థ పేరు 'ప్రజారోగ్య ఔషధ సరఫరా గొలుసుల బలోపేత భాగస్వామ్య వేదిక'. ఆ పేరు ఒక వరుసలో పట్టే ఫ్లెక్సీ నేనింతవరకు కొట్టలేదు. అక్షరాలు పెద్దవి చేస్తే 'వేదిక' గోడ దాటిపోతుంది. చిన్నవి చేస్తే 'ఔషధం' కనబడదు. చాలాసార్లు ఔషధాన్నే వదులుకున్నాం.

అసలీ గొలుసు ఏమిటని ఓరోజు అడిగాను. రాజుగారు ఓపిగ్గా చెప్పారు. "మందు తయారైన చోటు నుంచి బస్తీలో పిల్లాడి దాకా ఓ గొలుసుంటుందండి. ఎక్కడో ఓ లింకు ఊడుతుంది. అది ఊడినప్పుడు పట్టుకోడానికి మనుషులుండాలి. ఆ మనుషుల్ని కలపడమే మా పని."

"కలిపిన్రా మరి?"

"ఆయ్. పెద్ద పెద్ద హోటళ్ళలో కలుపుతున్నామండి."

సంస్థకి డైరెక్టరు యోగిత మేడం. ఆవిడ మంచిదే గానీ, భోజనం లేని మీటింగు, లోగో లేని పార్ట్‌నరు ఆవిడ దృష్టిలో లెక్కలోకి రావు. ఓసారి ఫ్లెక్సీ సరిచూడ్డానికి నా దుకాణానికి వచ్చి రాజుగారిని అక్కడే నిలదీసింది.

"రాజుగారూ, ఈ క్వార్టర్ మీ కొత్త పార్ట్‌నర్స్ ఎవరు?"

"పూలకొట్టు జమాలుద్దీన్ గారండి."

"లోగో ఉందా?"

"గులాబీ ఉందండి."

"హెల్త్ సెక్టార్‌తో ఆయనకేం సంబంధం?"

"ఇంకా తెలీదండి. సగం చాయే అయింది."

ఇలా ఉండగా మే నెల వచ్చింది. బేగంపేటలోని ఓ హోటల్లో యోగిత మేడం మహాసదస్సు పెట్టింది. ఢిల్లీ నుంచి ముఖ్య అతిథి. మందుల్ని చల్లగా మోసుకుపోయే కొత్త వ్యాను ఆయన చేతుల మీదుగా ప్రారంభం. సదస్సుకి ముందురోజు మిట్టమధ్యాహ్నం రాజుగారు జమాలుద్దీన్‌తో చాయ్ పంచుకుంటున్నారు. నేను పక్క బల్ల దగ్గరున్నాను. ఫోన్ మోగింది. వెనక సందులోని బస్తీ దవాఖానా నర్సు గుల్నాజ్. చెవికి సరిగా వినబడక రాజుగారు స్పీకర్ పెట్టారు.

"అన్నా, టీకాల ఫ్రిజ్ బందైంది! మెకానిక్ రేపొస్తనంటున్నడు. మందులన్నీ ఐస్ డబ్బాలల్ల సర్దిన. గీ ఎండకు పొద్దుగూకే దాక ఆగుతయేమో, గంతే."

"పొద్దున్నకి ఇంకో చోట నుంచి తెప్పించుకోవచ్చా అమ్మా?"

"అడిగిన. సోమవారం సూద్దామన్నరు. రేపే టీకాల దినం అన్నా! ఇల్లిల్లు తిరిగి చెప్పొచ్చిన. తల్లులు కూలి ఇడిసిపెట్టుకొని వస్తరు. ఉత్తగ వాపస్ పంపితే మల్ల వస్తరా? రారు. పోరగాండ్లకు సూది పడకుండనే ఉంటది."

రాజుగారు సోంపు కూడా మరిచిపోయి యోగిత మేడానికి ఫోన్ కలిపారు. స్పీకర్ అలాగే ఉంది.

"మేడం, మన చల్ల వ్యాను ఓ రాత్రికి కావాలండి. టీకాలు పాడైపోతున్నాయి."

"రాజుగారూ, వ్యాన్‌కి రిబ్బన్ కట్టేశాం. చీఫ్ గెస్ట్ కట్ చేసేదాకా పోర్టికోలోంచి కదలకూడదు."

"రిబ్బన్ విప్పి మళ్ళీ కట్టొచ్చు కదండీ?"

"బో ముడి వేయడానికి స్పెషల్‌గా మనిషిని పిలిపించాం!"

"లోపల ఏమన్నా ఉందాండి?"

"ఏమీ లేదు. నీట్‌గా ఖాళీగా ఉంది. పాడుచెయ్యకండి. అయినా సరిగ్గా ఇలాంటి సమస్యల మీదే రేపు సెకండ్ సెషన్. లంచ్ తర్వాత. మీ నర్సుగారి ప్రశ్న అక్కడ పెడదాం, ఓకే?"

రాజుగారు ఫోన్ పెట్టేశారు. జమాలుద్దీన్ తన సగం చాయ్ నింపాదిగా ముగించి మూతి తుడుచుకున్నాడు.

"సాబ్, పరేషాన్ ఎందుకు? నా కోల్డ్ రూం ఉంది గద."

గుల్నాజ్‌కి మళ్ళీ ఫోన్. ఆమెకి అనుమానం. "చాచా, గడ్డ కట్టద్దు. వేడెక్కద్దు. నడుమ ఉండాలె. జెర ఎక్కువ తక్కువైనా ఖరాబైతయ్."

"మా గులాబీలు సుత గంతే బిడ్డా. అంతకన్న నఖరాలు. వచ్చి సూసుకో."

అందరం వెళ్ళాం. జమాలుద్దీన్ తలుపు తీశాడు. చల్లగాలి, సువాసన, ఆ వెనక నేల నుంచి కప్పు దాకా బొకేలు. చీమ దూరే సందు లేదు.

"ఇవన్నీ ఎవరివండీ?" అన్నారు రాజుగారు.

"ఎవరియేంది సాబ్? మీయే. రేపటి మీటింగుకు మీ మేడం ఆర్డర్."

రాజుగారు చాయ్ తాగేటప్పటిలాగే కళ్ళు గట్టిగా మూసుకుని తెరిచారు. "బయట పెట్టించేయండి."

"ఈ ఎండకా? పొద్దుగాలకు తోటకూరైతయ్!"

"అవనివ్వండి."

"మీ మేడం నా పానం తీస్తది!"

"మీదొక్కరిదే ఎందుకండీ? తిట్లు కూడా వన్ బై టూ చేసుకుందాం."

పూలు చేరవేసే జెరెమియా ట్రాలీ ఆటోలో టీకాల డబ్బాలు వచ్చాయి. అతనూ పాత పార్ట్‌నరే. గుల్నాజ్ థర్మామీటరు తెచ్చి, అటు జరిపి ఇటు జరిపి చూసుకుని, ఆఖరికి తల ఊపింది. తర్వాత గుమ్మం ముందు స్టూలేసుకుని కూర్చుంది. "తలుపు తెరిస్తే ఎవ్వరైనా సరే, ఊకోను." సాయంత్రం పెళ్ళి దండల కోసం వచ్చిన జమాలుద్దీన్ తన గది ముందు తానే చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది. "బిడ్డా, పెండ్లి ఆగిపోతది. ఒక్క సెకను." ఆమె తలుపు సందు చేసి, దండలు తానే తీసిచ్చి, ఠక్కున మూసేసింది.

మర్నాడు పొద్దున్న బస్తీ దవాఖానా ముందు తల్లులు వరసగా నిలబడ్డారు. కాసేపట్లో సందు సందంతా పిల్లల ఏడుపు అందుకుంది. అంత హాయిగా వినబడిన ఏడుపు నాకింకొకటి తెలీదు. రాజుగారు గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్క కేకకీ కచేరీలో కూర్చున్నట్టు తల ఊపారు. తర్వాత నా ఫ్లెక్సీ, వాడిన బొకేలు, ఆయన, నేను జెరెమియా ట్రాలీలో సర్దుకుని బేగంపేట వెళ్ళాం.

సదస్సు ఘనంగా మొదలైంది. ముఖ్య అతిథి చేతికి బొకే ఇవ్వగానే అందులో పెద్ద పువ్వు తల వాల్చి ఆయన మోచేతి మీద పడుకుంది. ఆయన లేపారు. మళ్ళీ పడుకుంది. వేదిక మీద ఉన్నవాళ్ళందరి చేతుల్లోనూ అదే తోటకూర. యోగిత మేడం నవ్వు చెదరకుండా పళ్ళ మధ్య నుంచి "రాజుగారూ, వాట్ ఈజ్ దిస్?" అంది. దురదృష్టవశాత్తూ మైకు ఆన్‌లో ఉంది.

రాజుగారు లేచారు. "ఇవి ఉండాల్సిన చోట రాత్రి పిల్లల టీకాలున్నాయండి" అని జరిగింది జరిగినట్టు చెప్పేశారు. రిబ్బన్ సంగతితో సహా.

ఉద్యోగం ఊడినట్టేనని నేను ఫ్లెక్సీ తాళ్ళు విప్పడానికి సిద్ధమయ్యాను. ముఖ్య అతిథి పెద్దగా చప్పట్లు కొట్టారు. "అద్భుతం! ఇదే ఫ్లవర్ షాప్ మోడల్! దీని మీద ఒక కమిటీ వేద్దాం!" అన్నారు. యోగిత మేడం అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. ఆ కమిటీ ప్రారంభసభకి ఫ్లెక్సీ ఆర్డరు నాకు అక్కడే ఇచ్చింది. బొకేల ఆర్డరు జమాలుద్దీన్‌కి ఫోన్లో చెప్పింది. కమిటీలో సభ్యత్వం గురించి మాత్రం అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు. అతనికి లోగో లేదు కదా.

తర్వాత రిబ్బన్ కత్తిరించారు. వ్యాను స్టార్ట్ కాలేదు. కదలకుండా ఉండి ఉండి బ్యాటరీ నీరసించింది. సూట్లు వేసుకున్న ప్రతినిధులందరూ వెనక చేరి, ఒకరి భుజానికి ఒకరు ఆసరాగా, హైలెస్సా అంటూ తోశారు. ఆ సదస్సులో భాగస్వామ్యమంటే నాకు కళ్ళకి కనబడింది అదొక్కటే.

సాయంత్రం మా ఇరానీ హోటల్లో పండగ. గుల్నాజ్, జెరెమియా, జమాలుద్దీన్, మన కానిస్టేబుల్ అందరూ చేరారు. జమాలుద్దీన్ బల్ల గుద్దాడు.

"జానీ! సాబ్‌కు ఇయ్యాల ఫుల్ చాయ్! నా తరఫున!"

"వద్దండీ, వన్ బై టూ..." అన్నారు రాజుగారు, కాస్త గాభరాగా.

"ఎవ్వరితోని పంచద్దు! ఇయ్యాల మొత్తం మీదే!"

జానీ భాయ్ కప్పు అంచుదాకా పోసి, కళ్ళనీళ్ళు పెట్టుకుని తెచ్చాడు. అందరూ చూస్తున్నారు. రాజుగారు ఒకసారి మా ముఖాలన్నీ చూశారు. కళ్ళు మూసుకున్నారు. గుండెల మీద చెయ్యి పెట్టుకున్నారు. మొత్తం తాగేశారు. హోటలంతా ఈలలు.

ఆ మర్నాడు ఆయన కనబడలేదు. ఆ తర్వాతి రోజు కూడా లేరు. నేను కంగారుగా తిరుమలగిరిలో వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య కామేశ్వరమ్మ గారు తలుపు తీశారు. లోపల రాజుగారు కడుపు మీద తడిగుడ్డ వేసుకుని నిద్రపోతున్నారు.

"కూర్చో బాబూ. మజ్జిగ తాగుతావా, కాఫీయా? టీ అడక్కు, మా ఇంట్లో టీ పొడి ఉండదు."

"ఉండదా అమ్మా?"

"ఆయనకి టీ పడదు కదా! చిన్నప్పట్నుంచీ అంతే. చుక్క లోపలికెళ్తే మంట. ఎవరో మహానుభావులు మొన్న ఒక కప్పు మొత్తం పట్టించార్ట."

నేను ఆ మహానుభావులెవరో చెప్పలేదు. "మరి రోజూ సగం తాగుతరు గదమ్మా?"

ఆవిడ నవ్వారు. "ఈ ఊరొచ్చిన కొత్తలో వద్దనేవారు. వద్దంటే ఎదుటి మనిషి లేచి వెళ్ళిపోతున్నాడుట. ఆఫీసరుగారు మనతో తాగడు కాబోలు అనుకుని. అప్పట్నుంచీ ఇదీ పద్ధతి. 'మొత్తం తాగితే నేను పడిపోతాను, అసలు తాగకపోతే వాళ్ళు చిన్నబోతారు, అందుకని సగం కామేశ్వరీ' అంటారు. నేనేం చెయ్యను? రోజూ జేబునిండా సోంపు పోసి పంపిస్తాను."

తిరిగొచ్చి జానీ భాయ్‌కి మాత్రం చెప్పాను. అతను నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నేను చాదర్ మొక్కిన గద భాయ్! మొక్కు తీర్చుడు ఎట్ల ఇప్పుడు?" అన్నాడు. ఆఖరికి వెళ్ళి కప్పే వచ్చాడు, సాబ్ కడుపు మంచిగుండాలని.

రాజుగారు మళ్ళీ వచ్చినరోజు ఎప్పట్లాగే ఎవరో వాటర్ క్యాన్ల మనిషిని చెయ్యిపట్టుకు లాక్కొచ్చి వన్ బై టూ చెప్పారు. జానీ భాయ్ రెండు కప్పులు తెచ్చాడు. ఒకదాంట్లో చాయ్. రెండోదాంట్లో రంగు కోసం కాస్త బెల్లం కరిగించిన వేడిపాలు. హోటల్లో ఉన్నవాళ్ళందరం పేపర్లలో ముఖాలు దాచుకున్నాం. ఆ రహస్యం జానీని దాటి పోలేదనే నేను అంతవరకూ అనుకున్నాను. జమాలుద్దీన్ పేపరు తలకిందులుగా పట్టుకున్నాడు.

రాజుగారు కళ్ళు మూసుకున్నారు. గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. గుక్క దించారు. ఒక కన్ను తెరిచారు. తర్వాత రెండోదీ.

ఇన్నేళ్ళలో మొదటిసారి సోంపు తియ్యలేదు.

"ఏం జానీ," అన్నారు కప్పులోకి చూసుకుంటూ, "ఇన్నాళ్ళకి చాయ్ పెట్టడం నేర్చుకున్నావు."