వదిన కోసిన అక్షరాలు

బోర్డుల దుకాణంలో ఆమె అందరికీ వదినే. నిచ్చెనెక్కి బోర్డులు బిగించే ఆమె భర్తను పనివాళ్ళంతా అన్నా అంటారు కాబట్టి ఆమెకు ఆ వరస దానంతటదే వచ్చిపడింది. వయసులో ఆమెకంటే పెద్దవాడైన యజమాని కూడా వదినా అనే పిలుస్తాడు. పిలిచి, ఆమె చెప్పేదంతా విని, ఆ తర్వాతే తను మాట్లాడతాడు. మధ్యలో అడ్డం పడితే ఏమవుతుందో ఆయనకు అనుభవమే.

ఆమె పని పొర పీకడం. వినడానికి ఏమంత గొప్పగా ఉండదు గానీ, ఆ పని చేసేవాళ్ళు లేకపోతే ఊళ్ళో సగం కొట్లకు పేర్లుండవు. కంప్యూటర్లో తయారైన అక్షరాలను కోత యంత్రం రంగు స్టిక్కరు షీటు మీద సన్నని కత్తితో కోస్తుంది. కోశాక అక్షరాలు మాత్రం మిగిలేలా చుట్టూ ఉన్న పొరనంతా చిన్న పట్టకారుతో లాగెయ్యాలి. చుక్క పోకూడదు, అంచు చిరగకూడదు. వదిన చేతిలో ఏ చుక్కా పోలేదు, ఏ అంచూ చిరగలేదు. ఆ సంగతి ఎవరూ అడగకపోయినా ఆమే చెబుతుంది.

కంప్యూటరు ముందు కూర్చునే డిజైనరు మంచివాడు. ఆయన భోజనానికి వెళ్ళగానే వదిన నాలుగు ముద్దలు గబగబా మింగి ఆ కుర్చీలో కూర్చునేది. ఆయన తిరిగొచ్చాక కూడా లేచేది కాదు. నేర్పితే తప్ప ఈవిడ లేవదని అర్థమై, ఆయనే పక్కన స్టూలు వేసుకుని నేర్పాడు. అన్నిటికంటే ముందు నేర్పింది అవుట్‌లైన్ కొట్టడం. తెర మీద టైపు చేసిన పేరు మనకు అక్షరాల్లా కనిపిస్తుంది గానీ, కత్తికి చదువెక్కడిది? దానికి తెలిసిందల్లా గీత. అందుకని అక్షరాన్ని గీతగా మార్చి పంపాలి. మార్చాక మళ్ళీ టైపు చేసి దిద్దడం కుదరదు కాబట్టి ముందే ఒక నకలు పక్కన పెట్టుకోవాలి. వదిన ఆ నకలు ఏనాడూ మరిచిపోలేదు.

కొన్నాళ్ళకు ఆ డిజైనరు వేరే చోట పెద్ద పని దొరికి వెళ్ళిపోయాడు. కొత్తవాణ్ణి వెతకాలని యజమాని అన్నాడో లేదో, వదిన పట్టకారు కింద పెట్టి, వెతకడం దేనికి, నేను లేనా అంది. ఆయన బుర్ర గోక్కున్నాడు. కాదంటే రోజంతా ఆమె మాట పడాలి, అవునంటే పని చెడినప్పుడు తల పట్టుకోవాలి. చివరికి మధ్యేమార్గం ఒకటి చెప్పాడు. కొత్తగా పెడుతున్న పూలకొట్టు అద్దం మీద పేరు ఆమే మొదటినుంచి చివరిదాకా చెయ్యాలి. బాగా వస్తే కుర్చీ ఆమెది. రాకపోతే కొత్త మనిషి వస్తాడు, ఆమె మళ్ళీ ఆ ఊసెత్తకూడదు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టేలోపే ఈ ఒప్పందం వీధి మొత్తానికి తెలిసిపోయింది. తెలియజేసింది వదినే. భర్త నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"పని కాకముందే ఈ దండోరా ఏంటే?"

"అయ్యాక చెబితే ఎవరు వింటారు?"

పూలకొట్టు ఆవిడకు బంగారు రంగులో, ఒకదాని తోక ఇంకొకటి పట్టుకున్నట్టుండే కలిపిరాత అక్షరాలు కావాలి. మర్నాడు మధ్యాహ్నానికల్లా కొట్టు తెరుస్తున్నారు. ఆ రంగు షీటు మిగిలింది తక్కువే. ఒకసారి తప్పితే ఇంకొక్కసారికి సరిపోతుంది, అంతే. పొద్దున్నే వదిన పేరు టైపు చేసింది, అద్దం కొలతకు పెంచింది, నకలు పక్కన పెట్టింది, అవుట్‌లైన్ కొట్టి యంత్రానికి పంపింది. కత్తి గీసుకుంటూ పోతుంటే నడుం మీద చేతులు పెట్టుకుని దర్జాగా చూసింది.

పొర పీకడం మొదలుపెట్టగానే ఆ దర్జా కాస్తా దిగిపోయింది. అక్షరం అక్షరం కలిసే ప్రతి చోటా బాదంగింజంత ముక్క విడిగా తెగి ఉంది. పొర లాగితే ఆ ముక్కా దాంతోపాటు వచ్చేస్తోంది. అన్నదమ్ములు వాటాలు పంచుకున్నట్టు అక్షరాలు ఎక్కడికక్కడ విడిపోయాయి. యజమాని వచ్చి చూశాడు. తిట్టి ఉంటే ఆమె తిరిగి ఏదో ఒకటి అనేది, ఆ పోట్లాటలో కాస్త ధైర్యమైనా వచ్చేది. ఆయన తిట్టలేదు. మెల్లగా అడిగాడు.

"తెలిసినవాడు ఒకడున్నాడు, పిలవమంటావా వదినా?"

"పిలవండి. ఆయన వచ్చేలోపు నేను కోసేస్తాను."

అనడమైతే అనేసింది గానీ లోలోపల భయంగానే ఉంది. గడపగడపకూ వెళ్ళి చెప్పుకుంది, ఇప్పుడు ఆ గడపల ముందునుంచే ఇంటికి నడవాలి. అది సరే, ఎలాగో పడొచ్చు. ఇన్నాళ్ళూ కళ్ళలో పెట్టుకున్న కుర్చీ చేతిదాకా వచ్చి జారిపోతోందంటే మాత్రం ఆమెకు ఏడుపు ఆగలేదు.

ముక్కు తుడుచుకుని, పాడైన షీటు ఒళ్ళో పెట్టుకుని చూసింది. మిగతా అంతా నున్నగానే ఉంది, తెగింది కలిసే చోట్లే. తెర మీద ఆ చోట్ల ఏ తేడా లేదు, బంగారు రంగు నిండుగా ఒక్కటిగా ఉంది. ఆ రంగే కళ్ళు కప్పుతోందేమోనని అనుమానం వచ్చి, రంగు మొత్తం తీసేసి ఉత్త గీతలే ఉంచింది. దొంగ దొరికాడు. ఒక అక్షరం తోక పక్క అక్షరం పొట్టలోకి దూరి ఉంది. రెండింటి గీతలూ ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతున్నాయి. పాపం కత్తి, చెప్పింది చెప్పినట్టే కోసింది. ఇదివరకు ఇలాంటి అక్షరాలు వచ్చినప్పుడల్లా డిజైనరు గీతలు కలిపేసి పంపేవాడు. అందుకే ఆమె పట్టకారుకు ఈ ముక్కలు ఎప్పుడూ తగల్లేదు.

ఏం నొక్కి కలిపేవాడో ఆమెకు తెలియదు. అన్నిటినీ ఎంచుకుని 'కంబైన్' నొక్కితే కలిసే చోట్ల చిల్లులు పడ్డాయి. ఛీ అనుకుని వెనక్కి తీసుకుంది. 'వెల్డ్' నొక్కింది. లోపలి అడ్డగీతలన్నీ మాయమై, పేరంతటి చుట్టూ ఒకే ఒక్క గీత మిగిలింది. అయినా నమ్మకం కుదరక, చూపుడువేలు తెరకు ఆనించి మొదటి అక్షరం దగ్గర బయలుదేరింది. తోకలూ వంపులూ పొట్టలూ అన్నీ చుట్టి, ఎక్కడా ఇంకో గీత అడ్డం రాకుండా, వేలు మళ్ళీ బయలుదేరిన చోటికే చేరింది.

షీటులో మిగిలిన ఆఖరి ముక్కను యంత్రంలో పెట్టి మళ్ళీ కోతకు పంపింది. కోత అయ్యాక పొర కొస పట్టి లాగితే, కమలాపండు తొక్కలా ఎక్కడా తెగకుండా ఊడి వచ్చింది. షీటు మీద పేరు నిండుగా నిలబడింది. రండి, చూడండి అని వదిన వేసిన కేకకు పక్క కొట్టు వాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చారు.

అద్దం మీద భర్త ఆ పేరు అతికిస్తున్నంతసేపూ వదిన కింద నిలబడి అతనికి ఊపిరాడనివ్వలేదు. ఎడమవైపు కాస్త పైకి, అబ్బ, అంత పైకి కాదు, అదిగో బుడగ, రుద్దు. అక్షరాలు చెదరకుండా వాటి మీద అంటించిన పైకాగితం ఒలిచేసరికి ఎండ పడి పేరు ధగధగా మెరిసింది. దారినపోయేవాళ్ళు ఆగి పైకి చదువుకున్నారు. పూలకొట్టు ఆవిడ రోడ్డు అవతలిదాకా వెళ్ళి చూసొచ్చి, ఒకే తీగతో అల్లినట్టుందండీ అని మురిసిపోయింది.

అప్పుడే యజమాని ఫోను మోగింది. పొద్దున పిలిచిన మనిషే. చేతిలో పని ఇప్పుడే తెమిలింది, బయలుదేరమంటారా అని అడుగుతున్నాడు. యజమాని అద్దం వైపు చూశాడు, వదిన వైపు చూశాడు.

"వద్దు నాయనా, కుర్చీ ఖాళీ లేదు. అందులో మా డిజైనరు ఉంది."

 వదిన, అంతమంది చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా, నడిరోడ్డు మీద నిలబడి నవ్వుతూనే ఏడ్చేసింది.