పళ్లెంలో బొహోల్ గుట్టలు

అరబ్బు దేశంలోని ఐకాడ్ కార్మికుల క్యాంపులో వెల్డర్ రాజలింగు పళ్లెం ముందేసుకుంటే అన్నం తినడు, దానితో బొహోల్ గుట్టలు కడతాడు. ఫిలిప్పీన్స్‌లోని బొహోల్‌కు ఎన్నడూ పోలేదు. పాత ఫోర్‌మన్ చెబితే విన్నాడంతే.

"వెయ్యి మీదనే గుట్టలురా! ఎండాకాలమొస్తే అన్నీ చాక్లెట్ రంగే! ఆ గుట్టల కోతి పిడికెడంత, కండ్లు లారీ లైట్లంత!" అంటూ చేతులూపితే మెతుకులు ఎగిరి పైకప్పుకు అంటుకుంటాయి.

మొన్న శుక్రవారం, అదే గదిలో ఉండే భీమయ్య, రువైస్ క్యాంపు నుంచి బదిలీ అయి వచ్చిన అసలు బొహోల్‌వాడు రోడెల్‌ను పట్టుకొచ్చాడు. "ఇయ్యాలతో నీ గప్పాలు ఖలాస్!"

రాజలింగు తగ్గలేదు. ఎప్పటిలాగే అన్నం గుట్టలు కట్టాడు. రోడెల్ వంగి చూసి, వాటి పక్కనుంచి పప్పు ధారగా పోశాడు.

"నదీ కిధర్ హై, భాయ్?" నది మరిచావేమని అడిగాడు.

గది నవ్వులతో దద్దరిల్లింది. రాజలింగు ఆ పప్పులో పచ్చిమిరపకాయ వదిలి అరిచాడు: "యల్లా, నడువుండ్రి, పడవెక్కుండ్రి!"