జలపతి కాళ్లకు జమున చెప్పులు

సిరిసిల్లలో ఎవరైనా వలస పోతున్నారంటే జలపతి వాళ్ల మొహం చూడడు, కాళ్లు చూస్తాడు. "చెప్పులు కరుస్తున్నయా?" అని అడుగుతాడు. కరుస్తున్నాయంటే వైన్‌బర్గ్ కథ వినాల్సిందే. కరవడం లేదన్నా వినాల్సిందే.

వైన్‌బర్గ్ మన చుట్టం కాదు. వార్సాలో పుట్టి మాస్కోలో పోయిన పెద్ద సంగీతకారుడు. జలపతి బొంబాయి దగ్గరి భీవండిలో సాంచెలు, అదే మరమగ్గాలు, నడిపే రోజుల్లో బొంబాయిలో ఓ ముసలి పియానో మాస్టరుకు సామాను మోసిపెడితే, ఆయన ఓ క్యాసెట్టూ, ఈ కథా చేతిలో పెట్టాడట. అప్పట్నుంచీ జలపతికి వైన్‌బర్గ్ సొంత మేనమామ కన్నా ఎక్కువైపోయాడు.

"ఇరవై మీద సింఫనీలు రాసిండుర! సింఫనీ అంటే ఏందనుకున్నవ్? నూరు సాంచెలు ఒక్కసారి నడుస్తయ్, ఒక్క పోగు తెగది!"

"నువ్వు జర ఆపు కాకా, నా పోగు తెగింది" అనేవాడు పక్క సాంచె మీది ముత్యం.

ఇంకో వింత. ఎవరైనా ఊరు దాటబోయే ముందు జలపతి కుంటుతాడు. ఎందుకని ఎవరూ అడగరు. అడిగితే మళ్లీ కథ మొదలవుతుందని భయం.

సాంచెల షెడ్డులో రోజూ టేపురికార్డరు పెట్టేవాడు. ఆ మోతలో ఒక్క ముక్క వినబడితేనా! తిరిగే క్యాసెట్టును చూస్తూ తలూపేవాడు. నూలు కండెలు చుట్టే జమున, ముత్యం భార్య, "ఏమినబడ్తది మామా?" అంటే "నాకు యాదికున్నది బిడ్డా" అనేవాడు.

ఆ ఏడు గిరాకీ పడిపోయి సాంచెలు ఆగిపోయాయి. షెడ్డు మూగబోయిన పొద్దున టేపురికార్డరు మాత్రం ఆగలేదు. ముందు ఒక్క ఫిడేలు. తర్వాత ఇంకోటి. తర్వాత సముద్రమంత వాద్యాలు. జమునకు ఒళ్లంతా పులకరించింది. అబ్బ, ఇంత పెద్ద దుఃఖం, ఇంత పెద్ద ధైర్యం ఇన్నాళ్లూ పక్కనే మోగుతుంటే చెవిన పడలేదే!

"గిది మనిషి చేసిందేనా మామా?"

"ఇల్లు పోయినోడు చేసింది. లడాయొస్తే చెల్లెను తోలుకొని నడుసుకుంట బయలెల్లిండు. చెల్లెకు చెప్పులు కరిసినయ్. మల్లి ఇంటికి పోయింది. గంతే బిడ్డా, మల్ల కనవడలె. అమ్మానాయిన సుత. గంత పోగొట్టుకున్నోడు పిల్లల ఎలుగుబంటి బొమ్మల సీన్మలకు సుత పాటలు కట్టిండు!"

ముత్యం భీవండికి తయారయ్యాడు. జమున కూడా వస్తానంది గానీ మనసు ఊగుతూనే ఉంది. ఆమె లేకపోతే ఒంటరిగా పోయిన మగాళ్లందరిలా ముత్యమూ తాగి ఆగమైపోతాడు. పోతే అంతా కొత్త చోటు. ప్రయాణానికని కోరుట్లలో కొన్న ఎర్ర పువ్వు కొత్త చెప్పులు నాలుగడుగులకే మడమలు చీరేశాయి.

"సూసినవా, చెప్పులే పోవద్దంటున్నయ్" అంది. మర్నాటికి వాకిట్లో చెప్పులు మాయం. కుక్క ఎత్తుకుపోయిందని వీధంతా వినబడేలా తిట్టింది జమున.

ప్రయాణం రోజు బస్టాండులో తెగిన పాత చెప్పులతో నిలబడి జమున అననే అంది: "నువ్వు పో. నేను అమ్మకాడుంట." ముత్యం మొహం తెల్లబోయింది. డ్రైవరు హారన్ కొట్టాడు.

అప్పుడొచ్చాడు జలపతి, కుంటుకుంటూ. కాళ్లకు ఎర్ర పువ్వున్న ఆడవాళ్ల చెప్పులు! మడమలు వెనక నుంచి బయటికి తేలుతున్నాయి. బస్టాండంతా పడీ పడీ నవ్వింది. ఆయన చెప్పులు విప్పి, తువ్వాలుతో తుడిచి, జమున ముందు పెట్టాడు.

"ఎయ్యి బిడ్డా. ఆముదం రాసి నడిచిన. గిప్పుడు మెత్తగైనయ్."

జమున వేసుకుంది. వెన్నలా ఉన్నాయి. ఆమె జలపతి పాదాలు చూసింది. పచ్చి పొక్కుల పక్కన పాత మచ్చలు. ముత్యానికి, తన తమ్ముడు దుబాయి పోయే ముందు వాడి బూట్లు కూడా వారం రోజులు కనబడకపోవడం గుర్తొచ్చింది.

"మామా, నీ కాళ్లు!"

"నాకేందే, నేనేడికి పోత? ఎక్కుండ్రి. ఇద్దరెక్కుండ్రి."

జమున ముత్యం చెయ్యి పట్టుకుని ఎక్కింది. బస్సు కదిలాక కిటికీలోంచి తల బయటపెట్టి గట్టిగా అరిచింది: "మామా, కరుస్తలేవు!"

"అయినా ఇను బిడ్డా!" అంటూ జలపతి ఉత్త కాళ్లతో, కుంటుకుంటూ, బస్సు పక్కన పరుగెత్తాడు. "వార్సాల ఒకాయిన ఉంటుండె..."