కుంగిన ఫోర్కు కొలత

మా ఊళ్లో సైకిళ్లు బాగుచేసే ఎమ్మెట్ క్రాలిచ్ అంత పిరికివాణ్ణి నేనెక్కడా చూడలేదు. మంచు పడితే కప్పు కూలుతుందని భయం, పడకపోతే వేసవిలో అడవి తగలబడుతుందని భయం. అతని కొట్టు పక్కనే నా రొట్టెల దుకాణం కాబట్టి ఆ భయాలన్నీ రోజూ పొద్దున్నే నా చెవిన పడతాయి. అలాంటివాడు ఒకే ఒక్కసారి ధీమాగా ఉండి, కొంపమీదికి తెచ్చుకున్నాడు.

వాళ్లక్క వెర్నా వయసులో ఉన్నప్పుడు కొండ సైకిలు పందేల్లో తొక్కిన మనిషి. ఏళ్ల తరబడి షెడ్డులో పడున్న ఆ సైకిలునే మళ్లీ తొక్కుతానంది. ముందు చక్రాన్ని పట్టి ఉంచుతూ కుదుపులు తట్టుకునే దాని ఫోర్కు పాడైపోయింది. ఇప్పుడొచ్చేవన్నీ మరీ పొడుగు. అవి తగిలిస్తే ముందు భాగం పైకి లేచి, పాత చట్రం మెడ దగ్గర విరగొచ్చు. అందుకని ఎమ్మెట్ పాత ఫోర్కును పదేపదే కొలిచి, సరిగ్గా అంతే పొడుగున గట్టి ఇనప ఫోర్కు తనే చేసి బిగించాడు.

"ఒరేయ్, దిగుడులో ఇది నన్ను ముందుకి తోసేస్తోందిరా. హ్యాండిలు చేతిలో నిలవట్లేదు," అంది వెర్నా మర్నాడే.

"తప్పు సైకిలుది కాదక్కా. కిందటేడు తుంటి విరిగింది కదా, నీకు భయం పట్టుకుంది. తొక్కగా తొక్కగా అదే పోతుంది."

"భయం గురించి నువ్వు చెప్పాలిరా నాకు!" అని నవ్వింది గానీ, మొహంలో నవ్వు లేదు.

ఆ శనివారం కొండ మీది కనుమ దాకా ఎక్కి దిగొస్తానని బయల్దేరింది. ఆ భయమో తనో తేల్చుకుంటుందట.

ఆమె వెళ్లాక ఎమ్మెట్ పాత ఫోర్కును విప్పాడు. కాసేపటికి నల్లటి జిగురు అంటిన చేతులతో నా దుకాణంలోకి పరిగెత్తుకొచ్చాడు.

"లోపలి రబ్బరు బిళ్లలు ముద్దయిపోయాయి! షెడ్డులో ఉండగానే ఫోర్కు కుంగిపోయింది. నేను కొలిచింది ఆ కుంగిన పొడుగు. కొత్తలో ఇంకో రెండు వేళ్లు ఎత్తుండేది, చట్రం చేసింది ఆ ఎత్తుకి. అక్క సైకిలు ముందుకి వాలిపోయుంది. దిగుడులో తలకిందులుగా విసిరేస్తుంది!"

కొండ మీద ఫోన్లు పలకవు. రొట్టెల పొయ్యి ఆర్పేసి వ్యాను తీశాను. ఎమ్మెట్ ప్రతి మలుపులోనూ కిటికీలోంచి తల బయటపెట్టి లోయలోకి చూస్తున్నాడు.

"తొక్కగా తొక్కగా పోతుందన్నాను. నేనే పంపించాను," అని ఒకటే గొణుగుడు.

"నోరు మూసుకుని రోడ్డు చూడవయ్యా!" అని కసిరాను.

పై మలుపులో సైకిలు పడి ఉంది. వ్యాను ఆగకముందే ఎమ్మెట్ దూకేశాడు. వెర్నా బండరాయి మీద కూర్చుని ఉంది. ఒంటి మీద గీత కూడా పడలేదు, కళ్లు మాత్రం ఉబ్బి ఉన్నాయి.

"దిగలేకపోయానురా. పైనుంచి నడిపించుకుంటూ వచ్చాను. ఇంక నా పని అయిపోయింది, దీన్ని ఎవరికైనా అమ్మేయ్."

"నీ తప్పేం లేదక్కా. ఫోర్కు పొట్టిది. కొలత నేనే తప్పు తీశాను."

ఆమె రాయి మీంచి లేచింది. తమ్ముణ్ణి కౌగిలించుకుంటుందనుకున్నాను.

"ఆ ఇనప ముక్కని అన్నిసార్లు కొలిచావు కదరా. నోరు తెరిచి నేను చెబితే ఒక్కసారి నమ్మలేకపోయావా?"

వచ్చి ముందు సీట్లో నా పక్కన కూర్చుంది. ఎమ్మెట్ వెనక సైకిలు పట్టుకుని కూర్చున్నాడు. ఊళ్లోకి దిగేదాకా అక్క తల తిప్పలేదు, తమ్ముడు తల ఎత్తలేదు.