కాక పెట్టిన పెడల్

దయ్యాలున్నాయా అని ఎవరైనా అడిగితే నాకు నవ్వొస్తుంది. మాది డప్పు కొట్టే ఇల్లు. మా బాపు ముప్పై ఏళ్లు కొత్తకోట చుట్టుపక్కల ఎన్నో శవయాత్రల ముందు నడిచాడు. చిన్నప్పుడు నేనూ ఆయన వెంట వల్లకాటి దాకా వెళ్లి, అక్కడే రేగుపళ్లు ఏరుకొని తిని వచ్చేవాణ్ణి. దయ్యాలంటూ ఉంటే ముందుగా మమ్మల్నే పలకరించాలి. ఒక్కటీ పలకరించలేదు. కాబట్టి ఇది దయ్యం సంగతి అని నేను అనను. ఏమనాలో కూడా నాకు తెలియదు.

తొంభైల మొదట్లో నేను మహబూబ్‌నగర్‌లో ఒక పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయించేవాణ్ణి. మా ఓనరును అందరం సారు అనేవాళ్లం. ఒక ఏడాది ఆయన పాత డ్రమ్ములన్నీ మూలకు తోసి, కరెంటుతో మోగే ప్యాడ్ తెచ్చాడు. పుల్లలతో కొట్టడానికి పైన పలక లాంటి ప్యాడ్, కాలితో తొక్కడానికి కింద పెడల్. తొక్కితే చిన్న సుత్తి పోయి రబ్బరు మీద పడుతుంది. రబ్బరు వెనక అతికించిన పలుచని ఇత్తడి బిళ్ల ఆ దెబ్బను పట్టి తీగలోకి పంపిస్తే స్పీకర్లో ధమ్మని మోగుతుంది.

చెప్పుకోవడానికి బాగానే ఉంది. తొక్కినవాడికి తెలుస్తుంది దాని సంగతి. తడి మూటను తన్నినట్టు ఉండేది. మెల్లగా తొక్కితే పలకదు. గట్టిగా తొక్కితే రెండుసార్లు పలుకుతుంది. డప్పు తోలు అలా కాదు, కొట్టిన పుల్లను తిరిగి చేతికి అందిస్తుంది. ఈ రబ్బరు ఏమీ ఇవ్వదు.

కొత్తకోటలో రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే ఖాజా భాయ్ దగ్గర కూర్చొని నెలరోజులు దాంతో కుస్తీ పట్టాను. స్ప్రింగు మార్చాం. సుత్తి తలను రబ్బరు దగ్గరికి జరిపాం. మా అమ్మ గొంగడి అంచు కత్తిరించి రబ్బరు మీద అతికించాం. అందుకు ఆమె తిట్టిన తిట్లు ఖాజా భాయ్ దుకాణం దాకా వినబడి ఉంటాయి. కానీ ఆ గొంగడి ముక్కతోనే సగం ప్రాణం వచ్చింది, రెండుసార్లు పలకడం ఆగింది. అంతలో చలికాలం వచ్చి రబ్బరు బిగుసుకుపోయింది. కథ మళ్లీ మొదటికొచ్చింది.

ఆ ఏడు వానాకాలంలోనే బాపుకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. కొన్ని నెలలకు మాట ముద్దగానైనా వచ్చింది, చెయ్యి కొంచెం కదిలింది. కాలు మాత్రం కట్టెలా ఉండిపోయింది. ఇక కాలు మీద ఆశ పెట్టుకోవద్దని దవాఖానలో చెప్పేశారు.

ఒకరోజు నేను పెడల్‌ను ఆయన మంచం పక్కన పెట్టుకొని తిట్టుకుంటుంటే, బాపు ఎడమచేత్తో రబ్బరును తడిమి చూశాడు.

"సల్లవడ్డది గదరా గిది," అన్నాడు. "జర కాక పెట్టి కొట్టు."

డప్పును వాయించే ముందు గడ్డిమంట మీద కాస్తారు. అప్పుడే తోలు బిగిసి ఖంగున మోగుతుంది. ఇది తోలు కాదు, కరెంటు అని ఆయనకు నచ్చజెప్పబోయాను. ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

మాఘమాసంలో కొల్లాపూర్‌లో ఒక పెళ్లి ఒప్పుకున్నాం. అంతకుముందు రెండు పెళ్లిళ్లలో పెడల్ మధ్యలో మొరాయించింది. ఈసారి కూడా ఆగితే హైదరాబాద్ నుంచి వేరే డ్రమ్మరును తెచ్చుకుంటానని సారు నాతో ముఖం మీదే అన్నాడు. నాకది ఒక్క ఉద్యోగం సంగతి కాదు. మా ఇంట్లో స్టేజీ మీద కుర్చీలో కూర్చొని వాయించిన మొదటివాణ్ణి నేను. 'నా కొడుకు కూసోని కొడ్తడు' అని బాపు కనబడిన వాళ్లందరికీ చెప్పుకునేవాడు. ఆ కుర్చీ పోతే మంచంలో ఉన్న మనిషికి ఆ ముచ్చట ఎలా చెప్పాలో నాకు అర్థం కాలేదు.

పెళ్లిరోజు పొద్దున చలి బాగా ఉంది. పెడల్ తొక్కితే సగం దెబ్బలు పలకడం లేదు. స్టేజీ వెనకాల వంటవాళ్ల పొయ్యిలో నిప్పులు ఎర్రగా ఉన్నాయి. బుద్ధి గడ్డి తిన్నదో, వంశపు అలవాటో గానీ, నేను పెడల్ ఎత్తుకెళ్లి ఆ రబ్బరును డప్పులాగే నిప్పుల మీద అటూ ఇటూ కాచాను. గొంగడి కాలిన వాసన వచ్చింది. ఆపై జిగురు కరిగిన వాసన.

తెచ్చి తగిలించి తొక్కాను. అసలేమీ లేదు. పూర్తిగా మూగబోయింది.

సారుకు చెప్పలేదు, చెప్పే ధైర్యం లేదు. పదకొండు గంటల ప్రాంతంలో మొదటి పాట మొదలైంది. అలవాటు కొద్దీ కాలు కదిలించాను. ధమ్మని మోగింది.

మోగడం ఒక్కటే కాదు. ముట్టుకుంటే పలికింది. మెల్లగా అంటే మెల్లగా, గట్టిగా అంటే గట్టిగా. దెబ్బ తిరిగి పాదానికి తగులుతోంది. వేగంగా సాగే పాటల్లో నా కాలు వెనకబడితే అది నన్ను లాక్కెళ్లింది. సారు పాడుతూనే వెనక్కి తిరిగి తల ఊపాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కుర్చీ నిలిచింది అన్న సంతోషంలో ఇదెలా మోగుతోంది అని ఆలోచించనేలేదు.

మూడు గంటలకు చివరి పాట అయింది. లేచి నిలబడి జనానికి దండం పెడుతుంటే మెల్లగా రెండు దెబ్బలు వినబడ్డాయి. కాలు తీగకు తగిలిందేమో అనుకున్నాను.

సాయంత్రం మా వ్యాను నన్ను కొత్తకోటలో దింపింది. కాల్చిన పాపం ఊరుకోదు కదా, తిన్నగా ఖాజా భాయ్ దుకాణానికే వెళ్లాను. పొద్దున కాచిన సంగతి విని ఆయన రబ్బరు ఊడదీసి చూశాడు. ఇత్తడి బిళ్ల నడిమికి పగిలి ఉంది. రెండు తీగలూ ఊడి, కొసలు నల్లబడి వేలాడుతున్నాయి. మీటరు పెట్టి చూశాడు, ముల్లు కదల్లేదు.

"నర్సింలూ, గిది పొద్దుగాలనే ఖతమైంది," అన్నాడు. "నువ్వు దేనితోని వాయించినవ్?"

దీనితోనే అన్నాను. పరాచికం ఆడుతున్నాననుకొని ఆయన నవ్వాడు. తర్వాత నేను కీబోర్డు వాయించేవాణ్ణీ అడిగాను. తన కీబోర్డులో దానంతటదే మోగే డ్రమ్ తాళం ఆ రోజు ఏదీ పెట్టలేదన్నాడు.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది. ఆమె ఏడుస్తోంది, నవ్వుతోంది.

"మీ బాపు కాలు లేచిందిరా," అంది.

పదకొండు గంటల వార్తలు రేడియోలో వస్తున్నప్పుడు బాపు కుడి మడమతో మంచం పట్టెను కొట్టడం మొదలుపెట్టాడట. ఫిట్స్ అనుకొని ఆమె పక్కింటివాళ్లను పిలిచింది. ఆయన కళ్లు మూసుకొని నెమ్మదిగా ఊపిరి తీస్తున్నాడు, కాలు మాత్రం ఆగడం లేదు. కొట్టడం, ఆగడం, మళ్లీ కొట్టడం. మధ్యాహ్నం మూడింటికి మెల్లగా రెండుసార్లు తట్టి నిద్రపోయాడు. నేను దుప్పటి తీసి చూశాను. మడమ కమిలి ఎర్రగా ఉంది. వేళ్లు పట్టుకుంటే నా చేతిలో కదిలాయి. మంచం పక్కనే నేల మీద కూర్చున్నాను. అంత తేలికగా నా ఒళ్లు ఎప్పుడూ లేదు.

ఉగాది నాటికి బాపు కర్ర పట్టుకొని వాకిలి దాటాడు. అప్పుడప్పుడు ఆలస్యంగా కూడా కాలు వస్తుందని డాక్టరు అన్నాడు. సరే, కాలు సంగతి ఒప్పుకుంటాను. పగిలిన బిళ్ల సంగతి ఎవరు చెప్తారు? అది ఇప్పటికీ ఒక క్యాసెట్ డబ్బాలో నా దగ్గరే ఉంది.

పెళ్లివాళ్లు ఆ పాటలన్నీ రికార్డు చేయించుకున్నారు. వాళ్ల దగ్గర్నుంచి క్యాసెట్ కాపీ తెచ్చి ఒక సాయంత్రం బాపు పక్కన కూర్చొని పెట్టాను. పెడల్ దెబ్బలన్నీ అందులో ఉన్నాయి. చివరన చప్పట్ల మధ్య ఆ రెండు దెబ్బలు కూడా ఉన్నాయి. బాపు ఎప్పుడు వాయించినా డప్పు భుజం నుంచి దించే ముందు అలాగే రెండుసార్లు తట్టి కళ్లకద్దుకునేవాడు. ఆ రోజు ఏమైనా గుర్తుందా అని అడిగాను. నిద్రపోయానన్నాడు. క్యాసెట్ అయిపోయేదాకా విని, తల పంకించాడు.

"ఎవలు కొట్టిన్రో గని మంచిగ కొట్టిన్రు," అన్నాడు. "నువ్వయితే కాదురా."

ఆయన మాట నిజమే. ఎవరన్నది మాత్రం ఇన్నేళ్లయినా నాకు తెలియదు, ఆరా తీయాలని కూడా లేదు. బాపు కాలు వచ్చింది. నాకది చాలు.